రంపం పళ్ళకు బొట్టు

మా ముత్తాతగారు మునసబు. కొల్లేటి ఒడ్డున ఉన్న ఊళ్ళ శిస్తంతా ఆయన అరుగు మీదే వసూలయ్యేది. ఆయన తండ్రిగారికి జమీందారుగారి దర్బారులో కుర్చీ ఉండేదని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కుర్చీకి చేతులుండేవా లేవా అన్న విషయంలో మాత్రం మా పెదనాన్నగారికీ నాన్నగారికీ చివరిదాకా రాజీ కుదరలేదు. మా తాతగారు తాలూకా బోర్డు మెంబరు. మా నాన్నగారు తాలూకా బోర్డు మెంబరుగారి అబ్బాయి. నేను ఏలూరులో ఒక కాలేజీ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను.

"మీ ముత్తాతగారు ఊరందరి పన్నూ వసూలు చేశారు, మీరు రంపం పన్ను అరగదీస్తున్నారు. ఏదైనా పన్నుల శాఖేనండి మీది," అంటాడు మా బావమరిది. అతనికి గణపవరం దగ్గర చేపల చెరువులున్నాయి. చేపలు పెంచేవాడికి వంశగౌరవం గురించి చెప్పి లాభం లేదు.

అతను వెక్కిరించే రంపం మా తాతగారిది. ఒక దొర దేశం విడిచి పోతూ సామాను అమ్ముకుంటుంటే ఆయన కోత మిల్లు కొని, ఇంటి వెనక షెడ్డు వేయించి, ఒక సగంలో ముత్తాతగారి పల్లకీ పెట్టించి, రెండో సగంలో దాన్ని బిగించారు. నిలువునా తిరిగే రంపపు చక్రం, దాని ముందు పట్టాల మీద దుంగను మోసుకొచ్చే బండి, పక్కన బెల్టు. అది వ్యాపారం కాదు, సరదా. ఆయన పడక్కుర్చీలో కూర్చుని దుంగలు కోయిస్తూ చూసేవారు. పలక కావాలని వచ్చినవాడికి పలక ఇచ్చేవారు. తలుపులకిచ్చారు, మంచాలకిచ్చారు, చర్చి బెంచీలకిచ్చారు. అమ్మింది మాత్రం లేదు. మా ఇంట్లో భూములు అమ్మారు, తోటలు అమ్మారు. పలకలు అమ్మలేదు.

పోయిన వర్షాకాలం బావమరిది వచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే విషయంలోకి దిగాడు.

"బావగారూ, ఆ షెడ్డు నాకిచ్చేయండి. చేపల మేత బస్తాలు తడిసిపోతున్నాయి. మిల్లు పాతినుముకి వేసేద్దాం."

"పాతినుమా? అది మా తాతగారి మిల్లయ్యా."

"కాదని ఎవరన్నారండీ? మీ తాతగారి తరవాత అది కోసిందేమన్నా ఉంటే చెప్పండి మరి."

కోసింది. నాన్నగారి హయాంలో ఒక కొబ్బరి మొద్దును, ఒక పనివాడి లుంగీ అంచును కోసింది. మొద్దు సంగతి చెప్పాను.

"పోనీ ఇచ్చేద్దురూ, పాములు చేరుతున్నాయందులో," అంది మా ఆవిడ. తమ్ముడు వచ్చిన రోజున ఆవిడకు మా షెడ్డులో పాములు కనిపిస్తాయి.

నేను ఒప్పుకోలేదు. చివరికి బావమరిదే ఒక మాటన్నాడు. "మొన్నటి గాలివానకి మా గట్టు మీద నిద్రగన్నేరు పడిపోయింది. ఆ దుంగ తెచ్చి మీ షెడ్డు ముందు పడేస్తాను. చెరువులోకి నడిచే బల్లకి నాకెలాగూ పలకలు కావాలి. తిన్నగా కోసి ఇవ్వండి, ఇంక జన్మలో షెడ్డు మాటెత్తను. కోయలేకపోయారనుకోండి, పాతినుము వాడి ఆటో నేనే పిలుస్తాను."

సరే అన్నాను. మా వంశంలో సరే అంటే సరే. మేం పోగొట్టుకున్నవాటిలో సగం ఆ మాట వల్లే పోయాయి.

ఆదివారం దుంగ ట్రాక్టరు మీద వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని బండి మీదకు ఎక్కించారు. నేను కండువా తీసి మోటారు స్విచ్చి వేశాను. చక్రం తిరిగింది. దుంగ దానికి తగలగానే షెడ్డులోంచి పొగ లేచింది. వాసన హోమం వాసనలాగే ఉంది, చప్పుడు మాత్రం గేదెను కొడుతున్నట్టుంది. సగం కోసేసరికి చక్రం ఎడమవైపుకు లాక్కుపోవడం మొదలుపెట్టింది. పలక ఊడి వచ్చాక చూస్తే ఒక కొస అరచేయంత మందం, రెండో కొస అప్పడమంత.

బావమరిది అదంతా ఫోనులో వీడియో తీశాడు. "ఇది పలక కాదండీ, పుచ్చకాయ ముక్క," అని, 'అక్కావాళ్ళింట్లో చండీహోమం, బంధుమిత్రులందరూ ఆహ్వానితులే' అని రాసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చింతలపూడిలో ఉన్న మా పిన్నత్తగారు నిజమే అనుకుని, చెప్పకుండా హోమం చేసుకున్నామని నాలుగు రోజులు మాట్లాడలేదు.

"మా అక్క మొహం చూసి ఇంకో ఆదివారం ఇస్తున్నానండి," అని వెళ్ళిపోయాడు.

తప్పు మిల్లుది కాదు, చక్రానిది. అది ఊగుతోంది, పళ్ళు మొద్దుబారాయి. దాన్ని ఊడదీద్దామని కూర్చుంటే నట్టు రాలేదు. ఉదయమంతా దానితో కుస్తీ పట్టాక తెలిసింది, ఆ నట్టుకు మర ఎడమవైపుకు ఉందని. చక్రం తిరిగే ఊపుకు ఊడిపోకుండా అలా చేస్తారట. నేను అంతసేపూ దాన్ని ఇంకా బిగిస్తున్నాను.

"మీ ఇంట్లో నట్టు కూడా చెప్పిన మాట వినదండీ," అంది మా ఆవిడ.

చక్రం ఊగు తీయడానికి సుత్తితో కొట్టే మనిషి తాడేపల్లిగూడెంలో ఉన్నాడని తెలిసింది. గోనెసంచిలో చుట్టుకెళ్ళమంది మా ఆవిడ. తాతగారి చక్రాన్ని గోనెలోనా? నాన్నగారి జరీ ఉత్తరీయంలో చుట్టి బస్సెక్కాను. కూర్చుని ఒళ్ళో పెట్టుకుంటే గడ్డం దాకా వచ్చింది. పళ్ళు జరీలోంచి బయటికి పొడుచుకొచ్చాయి. నా పక్క సీటు ఖాళీగానే ఉండిపోయింది.

కండక్టరు వచ్చి చూశాడు. "ఎక్కడిదాకా అండీ?"

"తాడేపల్లిగూడెం. ఒకటి."

"మీకొకటి. చక్రానికి లగేజీ టికెట్టండి."

"ఒళ్ళో పెట్టుకున్నాను కదా?"

"ఒళ్ళో పెట్టుకున్నా, వేలికి తగిలించుకున్నా టికెట్టు తప్పదండి. సాక్షాత్తూ విష్ణుమూర్తిగారు ఎక్కినా ఇదే చెప్తాను."

బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కూర్చున్నాను. గుండుగొలనులో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన నిలబడ్డాడు. భీమడోలులో దిగబోయేసరికి ఆయన పంచె అంచు చక్రం పన్నుకు చిక్కుకుంది. "ఏవండీ, నన్నెక్కడికి తీసుకెళ్దామనండీ?" అని ఆయన ఎంతో మర్యాదగా అడిగాడు. పంచె విడిపించేదాకా బస్సు ఆగింది. డ్రైవరు కూడా లేచి వచ్చి చూశాడు.

తాడేపల్లిగూడెంలో అతను చక్రాన్ని ఇనపదిమ్మె మీద పెట్టి, చెవితో వింటూ కొట్టి, ఊగు తీశాడు. తరవాత పళ్ళ మీద బొటనవేలు రాసి చూశాడు. "ఒక పన్ను ఎడమకి వంగుంటుందండి, దాని పక్కది కుడికి. మీ చక్రానికి ఎడమవి పదునుగా ఉన్నాయి, కుడివి మొద్దు. అందుకే ఎడమకి లాగుతుంది. పదును పెట్టేమంటారా?"

"అక్కర్లేదు. మా చక్రానికి మేమే పెట్టుకుంటాం."

"మంచిదండి. ఎడమవన్నీ ఒక చుట్టు, కుడివన్నీ ఒక చుట్టు రాయండి. మొదలెట్టిన పన్ను దగ్గర గుర్తెట్టుకోండి. లేపోతే గానుగెద్దులా తిరుగుతానే ఉంటారు."

శనివారం చక్రాన్ని రెండు చెక్కల మధ్య నిలబెట్టి బిగించి, ఆకురాయి పట్టుకుని కూర్చున్నాను. గుర్తు పెట్టడానికి సుద్ద కనిపించలేదు. దేవుడి గదిలోంచి చిటికెడు కుంకుమ తెచ్చి, కొబ్బరినూనెలో తడిపి, మొదటి పన్నుకు బొట్టు పెట్టాను. ఇనపసామానుకు కుంకుమ పెట్టడం మాకు కొత్త కాదు, ఏటా దసరాకు పెట్టేదే. భోజనం వేళ దాకా రాసి, తిని, కాస్త నడుం వాల్చి వచ్చాను.

వచ్చి చూస్తే అన్ని పళ్ళకూ బొట్లున్నాయి. గుండ్రంగా, ఒకే కొలతలో, కొస దాకా నిండుగా. రాసిన పన్నేదో రాయనిదేదో తెలియకుండా మెరుపంతా నూనె కుంకుమ కింద దాగిపోయింది.

"ఏమోయ్! ఏమిటిది?"

మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అన్ని పళ్ళుండగా ఒక్కదానికే బొట్టు పెడతారా ఎవరైనా? పేరంటానికి పదిమందిని పిలిచి ఒక్కావిడకే పెట్టినట్టు! చూసి మనసొప్పక అన్నిటికీ పెట్టాను."

"అది గుర్తే! ఇప్పుడు నాకు మొదలేదో తుదేదో తెలియదు." నేను గుడ్డ తీసుకున్నాను.

"ఏవండీ! చేజేతులా బొట్టు తుడుస్తారా? మీకేమన్నా మతి పోయిందా? ముత్తయిదువని, నేను బతికుండగానే?"

గుడ్డ కింద పెట్టాను. తెల్లారితే ఆదివారం. రేపు ఈ సమయానికి మిల్లు పాతినుము ఆటోలో ఉంటుంది. దాన్ని నేను కాదు, ఒక పేరంటం ఓడించిందని ఎవరికి చెప్పుకోను? మెట్టు మీద కూలబడ్డాను. నేనలా కూర్చోవడం ఆవిడకు అలవాటు లేదు. పక్కన చేరి అసలు కష్టమేమిటని అడిగింది. ఎడమ పళ్ళ సంగతీ, కుడి పళ్ళ సంగతీ, చక్రం లాక్కుపోయిన సంగతీ చెప్పాను.

ఆవిడ వంగి పళ్ళను అటూ ఇటూ చూసింది. "అంటే పెళ్ళివారన్నమాట. ఎడమవి మగపెళ్ళివారు. మర్యాదలన్నీ వాళ్ళకే జరిగాయి. ఆడపెళ్ళివారిని పట్టించుకున్న దిక్కు లేదు. మరి పెళ్ళి ఒకవైపుకి లాక్కుపోదూ?"

నేను విన్న వివరణలన్నిటిలోకీ అదే బాగా అర్థమైంది.

గంధం తీసి, కుడివైపు పళ్ళన్నిటికీ బొట్టు కింద గంధం చుక్క పెట్టింది. ఇప్పుడు రెండు వైపులవారూ విడివిడిగా తెలుస్తున్నారు. ఆకురాయి రాసినచోట బొట్టు దానంతటదే పోతుంది కదా, అది తుడవడం అవుతుందా అని అడిగాను. కాదని తీర్పు చెప్పింది. పనిలో చెమటకు చెదిరిన బొట్టుకు దోషం లేదట. అంటే బొట్టు పోయిన పన్ను రాసినట్టు, ఉన్నది రాయాల్సినట్టు. పొద్దున రాసిన కొన్ని పళ్ళు కాస్త పొట్టివైతే, మిగతావాటిని వాటి ఎత్తుకు దించాను. ఆవిడ పీట వేసుకుని పక్కనే కూర్చుంది.

"ఆ వియ్యపురాలికి తక్కువ రాశారు. అలుగుతుంది."

"ఎవరికి?"

"అదిగో, గంధం ఆవిడకి. ఇంకో రెండు రాయండి."

రాశాను. చీకటి పడేసరికి చక్రం మీద ఒక్క బొట్టూ లేదు.

ఆదివారం బావమరిది ఫోను చేత్తో పట్టుకునే వచ్చాడు. మోటారు వేశాను. దుంగ చక్రానికి ఎదురు వెళ్ళింది. పొగ లేదు. పొట్టు ధారగా రాలింది. చక్రం ఎటూ చూడకుండా తిన్నగా వచ్చేసింది. బావమరిది పలకను పట్టుకుని చూశాడు. రెండు కొసలకూ టేపు పెట్టి కొలిచాడు. మధ్యలో మళ్ళీ కొలిచాడు. ఫోను జేబులో పెట్టేశాడు.

"ఎలా కుదిరిందండీ బావగారూ?"

"వియ్యాలవారికి మర్యాద సమానంగా జరిగిందిరా," అంది వాళ్ళక్క.

అతనికి అర్థం కాలేదు. దుంగంతా కోశాం. కోత కూలీ ఎంతివ్వమంటారని నసిగాడు. ఆ మాట ఇంకోసారి అంటే పలకలు వెనక్కి దింపించేస్తానన్నాను.

అతను మాట నిలబెట్టుకున్నాడు. షెడ్డు మాట ఎత్తలేదు. కాకపోతే వాన పడిన ప్రతిసారీ వచ్చి, వీధి గదిలో కూర్చుని, మేత మాట ఎత్తేవాడు. ఎన్ని బస్తాలు ముక్కిపోయాయో వాళ్ళక్కకు చెప్పేవాడు, చెప్పి నిట్టూర్చేవాడు. షెడ్డు వైపు మాత్రం చూసేవాడు కాదు. చూడకపోవడంలో అంత నైపుణ్యం నేనెక్కడా చూడలేదు.

"వాడు మాట మీద నిలబడ్డాడు. పెద్దవారు, మీరే ఏదో ఒకటి ఆలోచించాలి," అంది మా ఆవిడ.

షెడ్డులోకి వెళ్ళి అడుగులు వేసి కొలిచాను. సగం మిల్లు. మిగతా సగం ముత్తాతగారి పల్లకీ. మిల్లు కదలదని ఇద్దరికీ చెప్పాను.

మేత బస్తాలకు చోటు చేయడానికి పల్లకీని తాడేపల్లిగూడెంలో పెళ్ళి ఫొటోలు తీసే ఒకతనికి అమ్మేశాం. మోసే కర్ర అతను వద్దంటే, దాన్ని విడిగా వేరొకరికి అమ్మాం.