తాత రేజరుకు సరిపోయే బ్లేడు

బాపు గడ్డం గీసే పని నా మెడకు చుట్టుకుని మూడు నెలలైంది. ఇన్ని రోజుల్లో ఆయన మొహం మీద నెత్తురు చుక్క కనపడకుండా గీసిన రోజు ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్లుగా మేడ్చల్‌లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. ఆమ్లాలతో చెలగాటమాడినదాన్ని, వేలెడంత ఇనుప రేకు ముందు ఓడిపోతున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు ఆ మంటంతా వంటింట్లో గిన్నెల మీద చూపిస్తున్నాను.

అమ్మ పోయాక బాపు తూంకుంటలో మా ఇంటికి వచ్చాడు. ఆయనకు చేతులు వణుకుతాయి, ఈ మధ్య తల కూడా. మొదట్లో కాలనీ బయట సెలూన్‌కు వెళ్లేవాడు. ఒకరోజు ఆయన తల వణుకుతుంటే పక్క కుర్చీలో వాళ్లు అదే పనిగా చూశారట. అంతే, మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. ఊళ్లో నలుగురికి పంచాయితీ చెప్పిన మనిషి, మాసిన గడ్డంతో గడప దాటడం ఆయన వల్ల కాదు. కాబట్టి గడప దాటడమే మానేశాడు. శామీర్‌పేట రోడ్డు మీద చాయ్ హోటల్లో పొద్దున కలిసే ఆయన ఈడు వాళ్లు మొదట్లో ఫోన్ చేసి పిలిచేవాళ్లు, తర్వాత వాళ్లూ ఊరుకున్నారు. రోజంతా హాల్లో ఒకే కుర్చీ, ఒకే గోడ. గడ్డం కుదిరితే మనిషి బయటికి వస్తాడు, లేకపోతే ఆ కుర్చీలోనే అయిపోతాడు. నా భయమంతా అదే.

ట్రిమ్మర్ పెడతానంటే, "నేనేమన్న గొర్రెనా?" అన్నాడు. తన ట్రంకు పెట్టెలోంచి తాత రేజరు తీసి నా చేతిలో పెట్టాడు. మా తాత బొల్లారం కంటోన్మెంట్‌కు పాలు పోసే రోజుల్లో ఎవరో దొర ఊరు విడిచిపోతూ ఇచ్చిన రేజరు అది. మూడు ముక్కలుగా విప్పాలి, మధ్యలో బ్లేడు పెట్టి బిగించాలి. బ్లేడు కింద అంచు దువ్వెన పళ్లలా ఉంటుంది, ఆ సందుల్లోంచి బ్లేడు ఎదురులేనట్టు బయటికి వస్తుంది. బాపు గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడు. చిన్న గాటు పడినా, పటిక ఎంత రుద్దినా, పావుగంట దాకా కారుతూనే ఉంటుంది.

మొద్దు కత్తే వేలు కోస్తుంది, పదునైన కత్తి కోయదు అనేది వంటింట్లో నేర్చుకున్న తెలివి. ఆ తెలివితోనే బజారులో దొరికే వాటిలో అన్నిటికన్నా పదునైన బ్లేడు తెచ్చాను. మొదటిరోజే మూడు గాట్లు. తర్వాత ఇంటర్నెట్‌లో చదివితే తెలిసింది. ఇలా నోరు తెరిచిన పాత రేజరుకు మెత్తని బ్లేడు పెట్టాలట, నోరు మూసుకున్న రేజరుకే పదును బ్లేడట. సరేనని రకానికొకటి చొప్పున బ్లేళ్లు తెప్పించాను. ఏ బ్లేడుకు ఎక్కడ తెగిందో నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను.

రాయడానికి రోజులు దొరకాలి కదా. మంగళవారం గడ్డం ముట్టకూడదు, శుక్రవారం ఇంట్లో వెంట్రుక రాలకూడదు, శనివారం అసలే కూడదు, అమావాస్య మాట ఎత్తకూడదు. సోమ, గురువారాలు నాకు పొద్దున్నే క్లాసులు. మిగిలినవి ఆదివారం, బుధవారం. ఏ బ్లేడు మంచిదో తేలేలోపు నాకే గడ్డం వచ్చేట్టుంది.

మా ఆయనది గోదావరి జిల్లా. తను హాయిగా గడ్డం పెంచుకుని తిరుగుతాడు. నా నోట్‌బుక్ చూసి, "ల్యాబులో ఎలక్కి కూడా ఇన్ని పరీక్షలు పెట్టరే. మావయ్యగారు కాబట్టి ఊరుకుంటున్నారు" అన్నాడు.

"అయితే నువ్వొచ్చి కూసో, నీ మీదనే జేస్త" అన్నాను. ఆ పూట తను మళ్లీ వంటింటి వైపు రాలేదు.

అన్నిటికన్నా నన్ను విసిగించింది బాపు పట్టుదల. ప్రతిసారీ కొత్త బ్లేడే పెట్టాలి. అది కూడా ఆయన కళ్ల ముందు కాగితం చింపి పెట్టాలి. ఒక బ్లేడు నాలుగు సార్లు వస్తుందని ఎంత చెప్పినా వినడు.

"వద్దు బిడ్డ. నా బతుకంత అన్న గీసుకున్న బ్లేడే నా మొఖానికి. అంగి అన్న తొడిగి ఇడిసిందే. ఆఖరికి భూమి గూడ, రోడ్డు పక్క ముక్క ఆయనకు, గుట్ట పక్క ముక్క నాకు. ఇగ ఇప్పుడన్న కొత్తది పెట్టు."

ఆ మాట నిజమే. ఉమ్మడి ఇంట్లో ముందు నీళ్లు, ముందు అన్నం పెద్దబాపుకే. ఈ రేజరుతో కూడా పెద్దబాపే ముందు గీసుకునేవాడు. ఆ తర్వాత బాపు అదే అద్దం ముందు కూర్చునేవాడు. అది పెద్దరికమని మేమంతా అనుకున్నాం. రింగు రోడ్డు పడి భూములకు రెక్కలొచ్చాక పంపకాలు జరిగాయి. ఆ గొడవలో అన్నదమ్ములకు మాటలు పోయి ఎనిమిదేళ్లు. పంపకాల రోజు రేజరు ఎలాగో బాపు పెట్టెలోకి వచ్చింది కానీ, అన్న వాడిన వస్తువని ఆయన దాన్ని ముట్టలేదు. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మంగలి దగ్గరికే పోయాడు. ఇప్పుడు సెలూనూ వద్దు, ట్రిమ్మరూ వద్దు కాబట్టి గతిలేక బయటికి తీశాడు.

పోయిన ఆదివారం చెవి కింద లోతుగా తెగింది. రెండు తువాళ్లు తడిశాయి. బాపు నా చేతిలోంచి రేజరు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"ఇడిసిపెట్టు బిడ్డ. నాకేం పెండ్లా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నేను గింత పరేషాన్ అయితుంటే ఇడిసిపెట్టమంటవా? అప్పుడు మీ ఇద్దరికి ఏ బ్లేడుండె? గదన్న చెప్పు, గదే తెస్త."

"నాకేమెరుక? ప్యాకెట్ అన్న అల్మార్ల ఉండేది. నేనెన్నడు జూడలే."

మర్నాడు కాలేజీ అయ్యాక, బాపుకు చెప్పకుండా ఊరికి పోయాను. మేడ్చల్ నుంచి పావుగంట దారి, పెద్దబాపు గడప మాత్రం ఎనిమిదేళ్లుగా తొక్కలేదు. పెద్దబాపు వరండాలో పేపరు చదువుతున్నాడు. నన్ను చూసి లేచి, కూర్చోమని కూడా అనకుండా, "చిన్నోడు మంచిగున్నడా?" అని అడిగాడు. మంచిగానే ఉన్నాడని చెప్పి, సిగ్గు విడిచి బ్లేడు పేరు అడిగాను.

"పేరెవలికి యాదికుంటది? ఏది దొరికితె గది తెచ్చేటోణ్ణి. కొత్త బ్లేడు ఏదైన గాని, గా రేజర్ల పెడితె కరుస్తది బిడ్డ. నాది ముండ్ల గడ్డం, నాకేం గాకపోతుండె. వాని తోలు మెత్తగ. అందుకే రెండుపార్లు నా మొఖం మీద గుంజి, మూడోపారి వానికిచ్చేది."

"గా సంగతి బాపుకు చెప్పినవా?"

"గిదేమన్న చెప్పే ముచ్చటనా?" అని పేపరు మడిచాడు. "ఇప్పుడెవలు గీస్తున్నరు?"

"నేనే."

"కుడి దవడ కింద పుట్టుమచ్చ ఉంటది. ఆడ పైకెల్లి కిందికే గుంజు."

తిరిగి వస్తుంటే ఒళ్లు మండిపోయింది. టిప్పర్ల వెనక దుమ్ము తింటూ ఇద్దరినీ తిట్టుకుంటూ వచ్చాను. ఒకాయన నోరు విప్పి చెప్పడు, ఇంకొకాయన నోరు విప్పి అడగడు. నడుమ నేనేమో ఊళ్లో ఉన్న బ్లేళ్లన్నీ కొని నోట్‌బుక్ నింపుతున్నాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు నలిగాను. ఊరికి పోయి వచ్చానంటే నాతో కూడా మాటలు మానేస్తాడేమోనని భయం.

బుధవారం పొద్దున బాపును బతిమాలి అద్దం ముందు కూర్చోబెట్టాను. నురగ పట్టించాను.

"కాగితం చింపు" అన్నాడు.

"కొత్తది పెట్టను బాపు. పోయినసారిదే పెడుతున్న."

"ఏంది? నీ ఇంట్ల గూడ నాకు పాతదేనా?"

ఇక దాచలేకపోయాను. ఊరికి పోయిన సంగతి, పెద్దబాపు చెప్పిన మాట, పుట్టుమచ్చతో సహా అంతా చెప్పేశాను. బాపు అద్దంలోకే చూస్తున్నాడు. తల వణుకుతోంది. బుగ్గల మీద నురగ ఎండి చారలు కట్టింది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

"చెప్పే ముచ్చట కాదన్నడు."

"నేను ఊరందరి ముంగట అంటి బిడ్డ, ఆయన పాత బ్లేడు నా మొఖాన కొట్టిండని. పంపకాల పంచాయితీల అంటి. గప్పుడు గూడ నోరు తెరవకపాయె." గొంతు పెరిగింది. తువాలు లాక్కుని మొహం తనే తుడుచుకున్నాడు. తెల్ల గడ్డం అలాగే ఉంది. "కారు తియ్."

"గడ్డం గీస్త, అయినంక పోదాం."

"గడ్డం సంగతి తర్వాత. ముందు ఆయన్ని అడగాలె, ఎందుకు చెప్పలేదని."

చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. వంగి సాయం చేయబోతే నా చెయ్యి తోసేశాడు. మూడు నెలల తర్వాత మా బాపు గేటు దాటాడు, మాసిన గడ్డంతో, అన్నతో కొట్లాడటానికి.