మందు గది పేలలేదు

మా తమ్ముడు దేవసహాయం పోయిన బుధవారం తెల్లవారుజామున విరుదునగరం ఆసుపత్రిలో చనిపోయాడు. ఆదివారం కోవిల్‌పట్టిలో చనిపోయాడని మన ప్రార్థన కూటంలో చాలామందికి కబురు వెళ్ళింది. రోజూ తప్పే, ఊరూ తప్పే. విశ్వాసి ఆదివారం పోతే బాగుంటుందని ఎవరికో తోచి ఉంటుంది. ముందు రోజు సాయంత్రం నేను పక్కన కూర్చుని ఉండగా ఇడ్లీ గట్టిగా ఉందని వాడు విసుక్కున్నాడు. ఇడ్లీ మీద విసుక్కునే మనిషి తెల్లారేసరికి ఉండడని ఎలా అనుకుంటాను? ఫోన్ వచ్చినప్పుడు, ఇంకెవరి కబురో నాకు చెప్తున్నారనుకుని ఇంటిపేరు రెండుసార్లు అడిగాను.

నా పేరు రూతమ్మ. వెంబకోట్టై దారిలో ఉన్న ఒక టపాసుల కంపెనీలో లెక్కలు రాసి రిటైరయ్యాను. చిన్నప్పుడు నగరిలో మా అత్త దగ్గర చదువుకున్నాను కాబట్టి తెలుగు రాయడం వచ్చింది. మన ఇళ్ళల్లో ప్రార్థించేది తమిళంలో, పోట్లాడుకునేది తెలుగులో. ఈ వ్యాసం నేను తెలుగులో రాయడానికి కారణం అదే. చదవగలిగినవాళ్ళు చదవలేనివాళ్ళకు వినిపించండి.

సమాధి దగ్గర మన పాస్టరయ్య ఒక కథ చెప్పారు. ఆయన మన ఊరికొచ్చి ఎంతో కాలం కాలేదు. కథ ఎవరు అందించారో నాకు తెలుసు, పేరు రాయను. దేవసహాయం టపాసుల కంపెనీలో మందు కలిపేవాడట. ఒక శుక్రవారం ప్రభువు వాడితో, "పనివాళ్ళను బయటికి తీసుకుపో" అన్నాడట. వాడు నలభైమంది ఆడవాళ్ళను మందు గదిలోంచి బయటికి తెచ్చాడట. చివరి ఆవిడ గడప దాటిందో లేదో గది పేలిపోయిందట. "ఆ నలభై ప్రాణాలూ ఈరోజు పరలోకంలో ఆయన కిరీటంలో రత్నాలు" అన్నారు. జనం కళ్ళొత్తుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

శుక్రవారం కాదు, మంగళవారం. ఏ గదిలోనూ నలుగురికి మించి కూర్చోకూడదని టపాసుల కంపెనీల్లో రూలు. నలభైమంది ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారా? మందు కలిపే గదిలోకి అసలు ఆడవాళ్ళు రారు. ఇవన్నీ వదిలేస్తాను. ఒక్కటి వదలను. గది పేలలేదు. ఆ రోజు పేలలేదు, ఆ తర్వాతా పేలలేదు. నేను రిటైరయ్యేదాకా రోజూ ఆ గది ముందు నుంచే నడిచాను. చెక్కుచెదరకుండా ఉంది.

జరిగింది చెప్తాను. మందు కలిపేది తెల్లవారుజామున, ఎండ రాకముందు. వేడి తగిలితే మందును నమ్మలేం. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడెయ్యాలి, మర్నాటికి దాచకూడదు. అందుకని తెల్లారేసరికి మందు కలవకపోతే, దాన్ని గొట్టాల్లో నింపే ఆడవాళ్ళకు ఆ రోజు పని లేదు, కూలీ లేదు. అది దీపావళి ముందు నెల. వాళ్ళు ఏడాదంతా ఎదురుచూసేది ఆ నెల కోసమే. కలిపేవాడు చెప్పులు బయట విడిచి, ఒంట్లో కరెంటు దిగిపోవడానికి గుమ్మం పక్కన రాగి రేకును అరచేత్తో తాకి లోపలికి పోవాలి. ఆ మంగళవారం మా తమ్ముడు చెప్పులు విడిచాడు, రేకు తాకాడు, గుమ్మం మీదే కూర్చుండిపోయాడు.

ఆడవాళ్ళు వచ్చారు. ముందుగా అరిచింది లక్కమ్మ. సాత్తూరు పక్క పల్లెలో మన తెలుగువాళ్ళ అమ్మాయే, హిందువు. ఆమె నోటికి ఫోర్‌మన్ కూడా భయపడేవాడు.

"ఏమప్పా, గడపకు కావలి కూచున్నావా? లెయ్. మాకు పొద్దు పోతా ఉండాది."

"పోవద్దని చెప్పినాడు," అన్నాడు మా తమ్ముడు.

"ఎవరు? మొదలాళా?" మొదలాళి అంటే యజమాని.

"కర్తరు." ప్రభువును మేము తమిళంలో అలాగే పిలుస్తాం.

"మీ కర్తరు నాకు కూలీ ఇస్తాడా? అడిగి చెప్పు. లేదంటే మా మారియమ్మను పిలిపిస్తా, ఇద్దరూ మాట్లాడుకోనీ!"

అందరూ నవ్వారు. ఆ తర్వాత నవ్వు పోయి తిట్లు వచ్చాయి. ఒకావిడ వాడి కాళ్ళ దగ్గర ఉమ్మింది. వాడు లేవలేదు. నేను ఆఫీసు గదిలోంచి పరుగున వెళ్ళాను. ఆ పనిలో వాడిని పెట్టించింది నేనే.

"ఒరే, ఎందుకు పోవద్దన్నాడో అడిగినావా?"

"అడిగినాను అక్కా. చెప్పలే."

"మందులో ఏమన్నా తేడా ఉండాదా? వాసన వచ్చిందా?"

"లేదక్కా. ఇంకా కలపనే లేదు గదా."

"సరే, కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పో. మిగతాది నేను చూసుకుంటా."

"కడుపు నొయ్యలేదక్కా," అన్నాడు.

నాకు ఇప్పటికీ ఆ జవాబు తలుచుకుంటే చెయ్యెత్తాలనిపిస్తుంది. భార్యాపిల్లలున్నవాడు. ఊరంతా చూస్తోంది. దేవుడు చెప్పింది చేశాడు, మంచిది. ఆయన పేరు బయటపెట్టకుండా కూడా చేయవచ్చు కదా?

ఫోర్‌మన్ రామసామి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాడు. వాడిని పక్కకు పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"చూడప్పా, డబ్బాలో మందు చేతికి ఎచ్చగా తగిలిందని చెప్పు. చాలు. మందుకు భయపడినవాణ్ణి ఏ మొదలాళీ తప్పు పట్టడు. ఇంకా శభాష్ అంటాడు. రేపు వచ్చి కలుపుదువు."

"ఎచ్చగా తగల్లేదు మామా."

"తగిలిందో లేదో చూసేవాడెవడప్పా?"

మా తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. ఆ ఒక్క మాట అనివుంటే పని మిగిలేది, పైగా జాగ్రత్త గల మనిషని పేరు వచ్చేది. అనలేదు. దీపావళి తొందరలో ఎండను కూడా లెక్కచేయకుండా మధ్యాహ్నానికి ఇంకో చోటు నుంచి ఇంకొకణ్ణి పిలిపించారు. అతను రేకు తాకి లోపలికి పోయాడు, మందు కలిపాడు, బయటికి వచ్చి బీడీ కోసం గేటు అవతలికి పోయాడు. ఆడవాళ్ళు చీకటి పడేదాకా నింపారు. ఏమీ కాలేదు. మా తమ్ముడు గేటు బయట వేపచెట్టు కింద సాయంత్రం దాకా నిలబడే ఉన్నాడు. పేలుతుందని ఎదురుచూశాడా, పేలకూడదని ప్రార్థించాడా, నేను అడగలేదు. ఆ రాత్రే వాడి పని పోయింది.

ఆ తర్వాత వాడు కోవిల్‌పట్టిలో వేరుశెనగ మిఠాయి చేసే చోట చేరాడు. బెల్లం పాకం కలిపే పని. షాపు యజమాని రోజూ పొద్దున్నే, "ఏమప్పా, ఈరోజు పాకం కలపొచ్చా? పైనుంచి ఉత్తరువు వచ్చిందా?" అనేవాడు. వీడు, "రాలేదన్నా. రాలేదంటే కలపమనే," అని గరిటె తీసేవాడు. హాస్యం కోసం అన్నాడని అందరూ నవ్వేవారు. వాడు హాస్యానికి అనలేదు. ఎస్తేరు, అంటే వాడి భార్య, ఇంట్లో అగ్గిపెట్టెలకు లేబుళ్ళు అంటించింది. వీధి కుళాయి దగ్గర ఆమెను "పేలని పట్టాసు పెళ్ళాం" అని పిలిచేవాళ్ళు. ఆమె పడ్డ పాట్ల గురించి వాడు ఇంట్లో ఒక్క మంచి మాట కూడా అన్నట్టు నాకు తెలియదు. మంచివాడు అని రాయమంటారేమో, రాయను. మొండివాడు. ప్రసంగం మధ్యలో నిద్రపోయేవాడు. పాట ఎత్తుకుంటే పక్కవాళ్ళు ఆపేసేవాళ్ళు.

మన కూటంలో సాక్ష్యాల ఆదివారం వస్తుంది కదా. ఒకరికి జ్వరం తగ్గింది, ఒకరి బిడ్డకు ఉద్యోగం వచ్చింది, ఒకరి పొలంలో నీళ్ళు పడ్డాయి. అందరూ స్తోత్రం అంటారు. మా తమ్ముడు కూడా లేచేవాడు. "ఒక తెల్లవారుజామున కర్తరు నన్ను పోవద్దన్నాడు. నేను పోలే. ఏమీ కాలే. కర్తరుకు స్తోత్రం," అని తమిళంలో చెప్పి కూర్చునేవాడు. మొదట్లో వెనక బెంచీలు నవ్వేవి. తర్వాత అప్పటి పాస్టరు వాడి వైపు చూడకుండానే తర్వాతివాళ్ళను పిలిచేవారు. జ్వరం తగ్గితే దేవుడు, తగ్గకపోతే మౌనం. అలాంటి సంఘంలో వాడి సాక్ష్యం ఎవరికి కావాలి?

కొన్నేళ్ళకు అటువైపే వేరే కంపెనీలో ప్రమాదం జరిగింది. మనుషులు పోయారు. మర్నాడే మన కూటం పెద్దలు మిఠాయి షాపుకు వచ్చారు. "చూశావా, కర్తరు నీకు ముందే చూపించినాడు. ఇదే ఆ దర్శనం," అన్నారు. వాడికి కోపం రావడం నేను చూసింది అప్పుడే. పాకం గరిటె పట్టుకునే లేచాడు. "అది వేరే ఊరు, వేరే రోజు. చచ్చినవాళ్ళకు వాళ్ళ ఇండ్లు ఉండాయి. వాళ్ళ చావు తెచ్చి నాకు సాక్షిగా నిలబెట్టొద్దు. పొండి," అన్నాడు. వాళ్ళు పోయారు. ఇప్పుడు వాడు నోరెత్తలేడు కాబట్టి మళ్ళీ వచ్చారు. ఈసారి వేరేవాళ్ళ చావు కూడా అక్కర్లేకపోయింది, సొంతంగా ఒక పేలుడు తయారుచేసుకున్నారు.

సమాధి నుంచి ఇంటికి వచ్చాక లక్కమ్మ వచ్చింది. ముసలిదైంది, నోరు మాత్రం అలాగే ఉంది. పాస్టరయ్య కథ ఎవరో చెప్పగా వింది. "ఏ గది పేలింది? ఆ పొద్దు మధ్యాన్నం ఇంకొకడు కలిపిన మందును నేనే నింపినాను గదా! చచ్చి దెయ్యమై మీతో మాట్లాడతా ఉండానా?" అంది. అక్కడే కూర్చుని ఉన్న పాస్టరయ్య మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. లక్కమ్మ ఎస్తేరు చెయ్యి పట్టుకుని, "నీ మొగుడు పైత్యకారుడు. అబద్ధం మాత్రం వానికి చేతకాదు," అని ఏడ్చింది.

జ్ఞాపకార్థ ఆరాధనకు కార్డు అచ్చుకు ఇవ్వబోయారు. అందులో పేలుడు ఉంది. దాన్ని కొట్టేయమని నేను చెప్తే పాస్టరయ్య, "అమ్మా, అది ఆయన భార్య చెప్పాలి," అన్నారు. ఆ మాట న్యాయమే. ఎస్తేరును అడిగాను. ఆమె చీర కొంగు మడతలు పెట్టింది.

"వదినా, ఇన్నేండ్లూ నన్ను నవ్విరి. ఇప్పుడైనా ఆ గది పేలనీ," అంది.

నవ్వులన్నీ పడింది తను. నేను లెక్కలు రాసే మనిషిని, నన్ను ఎవరూ నవ్వలేదు. కార్డు అలాగే అచ్చయింది. పేలుడుతో సహా.

రక్షణ కోసం దేవుణ్ణి వెంబడించడమంటే ఏమిటో నేను చాలా ప్రసంగాలు విన్నాను. అన్నిట్లోనూ చివరికి సముద్రం పాయలవుతుంది, రోగి లేస్తాడు, శత్రువు ఓడిపోతాడు. విధేయతకు రసీదు దొరుకుతుంది. మా తమ్ముడికి ఒకే ఒక మాట వచ్చింది. ఎందుకో చెప్పలేదు, తర్వాత రుజువు రాలేదు, రెండో మాట ఎప్పటికీ రాలేదు. వాడు ఆ ఒక్కదాన్ని పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. నాకు వాడి మీద కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. అలాంటి మనిషి ఇంకొకడు మన కూటంలో లేడు. మీలో ఎవరైనా ఉంటే లేచి నిలబడండి, చూస్తాను.

మొన్న ఆదివారం ఆరాధనలో కార్డులు పంచారు. పాస్టరయ్య తమిళంలో కథ మళ్ళీ చెప్పి, రెండు మాటలు చెప్పమని ఎస్తేరును పిలిచారు. ఆమె కార్డు చేత్తో పట్టుకుని లేచింది. ఆరాధనలో ఎప్పుడూ ఎవరూ మాట్లాడని ఇంటి తెలుగులో మాట్లాడింది.

"ఇది తప్పు. గది పేలలే. నా మొగుడు పోవద్దంటే పోలే, అంతే. పేలింటే నాకు బాగుండు. పేలలే."

కూర్చుంది. పాస్టరయ్య ఆగారు. ఆమేన్ అనాలా వద్దా అని జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఆమేన్ అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది. ఎస్తేరు మాత్రం వెనక్కి తిరగలేదు, చేతిలో కార్డును నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.