పెద్దమ్మ మాట వినే మనిషి

మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర గంజి పెట్టిన నూలు చీర మీద వేడి పెట్టె ఆనగానే ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, మల్లయ్య పెదబాపు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది. శాలిబండలో మా ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. చుట్టరికం లేకపోయినా ఆయన నాకు పెదబాపు, ఆయన భార్య నర్సమ్మ పెద్దమ్మ. బట్టల మిల్లులో బతుకంతా మరమగ్గాల మధ్య గడిపి రిటైరైన మనిషి. "మిల్లు ఇడిచిపెట్టింది గని గంజి ఇడుస్తలేదు బిడ్డా" అని నవ్వేవాడు. మిల్లు ఆయన వినికిడిని కూడా చాలావరకు తినేసింది. అందుకే ఆయన గొంతు వీధి మలుపు దాకా వినిపించేది. అయినా ఎదుటివాళ్ల మాట ఒక్కటీ పోనిచ్చేవాడు కాదు. ఎట్లాగని ఒకసారి అడిగాను. "మగ్గాలు నడుస్తుంటే చెవులు దేనికి పనికొస్తయి? అందరం మూతులు చూసే ముచ్చట పెట్టుకునేటోళ్లం" అన్నాడు.

నేను కాలేజీలో చేరిన ఏడు పెద్దమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పెదవులు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు, రాసి చూపడానికి చదువు రాదు. ఆమె ఏదో అడిగితే కొడుకు యాదగిరి మంచినీళ్లు తెచ్చేవాడు, కాదంటే దుప్పటి తెచ్చేవాడు. అదీ కాదంటే అతనికి విసుగు, ఆమెకు ఏడుపు. పెదబాపు వచ్చి ఎదురుగా కూర్చొని ఆమె ముఖం చూసి, "పచ్చిపులుసు అడుగుతున్నదిరా, గింత తెల్వదా?" అనేవాడు. ఆనాటి నుంచి ఆయన ఇల్లు కదల్లేదు. పాత మిల్లు దోస్తులు వాకిట్లో నిలబడి, "మల్లన్నా, చాయ్‌కు రావా?" అని పిలిస్తే, "ఆమె చెప్పుకుంట ఉన్నది. నడుమ లేస్తె మాట కింద పడ్తది" అనేవాడు. పెళ్లాం కొంగు పట్టుకున్నాడని వాళ్లు ఎగతాళి చేస్తే ఆయనా వాళ్లతోపాటు నవ్వేవాడు. సాయంత్రాలు నేనూ పోయి కూర్చునేదాన్ని. పెద్దమ్మ మాట ఎట్లా పట్టుకోవాలో ఆయనే కొంచెం కొంచెం నేర్పించాడు.

తర్వాత ఆయన చూపు మసకబారింది. కంట్లో మోతిబిందు పొర అనుకున్నాం, తీసేస్తే పోతుందని ధైర్యంగా ఆసుపత్రికి తీసుకుపోయాం. కంటి నరం ఎండిపోయింది, ఇక చూపు రాదన్నారు. రిక్షాలో తిరిగొస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు కనబడకుంటె ఏం ఫికర్ లేదు బిడ్డా. దాని మాట ఎవరింటరు?" అన్నాడు. ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, నాకు దుఃఖం ఆగలేదు.

ఉన్న చూపు ఉన్నన్నాళ్లు పొద్దుటి ఎండలో గడప మీద పెద్దమ్మను కూర్చోబెట్టి, ముఖంలో ముఖం పెట్టి చూసేవాడు. అదీ పోయాక ఆమె పెదవుల మీద వేళ్లు ఆనించి వినడం మొదలుపెట్టాడు. పట్టపగలు, వచ్చేపోయే జనం ముందు. యాదగిరికి తల కొట్టేసినట్టయ్యేది. "నలుగురు చూస్తున్నరు బాపు, లోపల కూసోరాదు" అని గొణిగేవాడు. ముసలాయనకు ఆ గొణుగుడు వినబడదు, కొడుకు ముఖం కనబడదు. వేళ్ల కింద పెద్దమ్మ చెబుతూనే ఉండేది. కొన్ని అందేవి, చాలా అందేవి కావు. మళ్లీ చెప్పమనేవాడు, ఆమె మళ్లీ చెప్పేది.

ఒక వానాకాలం పొద్దున ఆయన లేవలేదు. ఇల్లంతా ఏడుపులతో నిండిపోయింది. పెద్దమ్మ మాత్రం ఏడవకుండా పక్కన కూర్చొని, చల్లబడిన ఆయన వేళ్లు తీసి తన పెదవులకు ఆనించుకుంది. ఏదో చెబుతోంది. దాహమేమోనని కోడలు చెంబు తెస్తే తోసేసింది. యాదగిరి నా వైపు తిరిగాడు. "అక్కా, అమ్మ ఏమంటున్నది?"

అందరూ నన్నే చూశారు. "లేవయ్యా, ముచ్చట ఇంక ఒడువలేదు, చెప్పేది ఇంక ఉన్నది అంటున్నది" అని చెప్పాను. యాదగిరి తల్లి ఒడిలో తల పెట్టి భోరుమన్నాడు.

ఆమె బతికినన్నాళ్లు రోజూ పోయి ఎదురుగా కూర్చున్నాను. పెదబాపు అంతటి నేర్పు నాకెక్కడిది? సగమే అర్థమయ్యేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, అయినా చెప్పేది. అర్థం కాని ఆ సగం ఇంకా నా దగ్గరే ఉంది.