సూదమ్మగారి రెండు వీలునామాలు

ఆ రోజుల్లో నాకు కుదురనేది ఉండేది కాదు. తెనాలిలో ఒక పెద్ద లాయరుగారి దగ్గర జూనియర్‌గా చేరి ఏడాది కూడా కాలేదు. కూర్చుంటే లేవాలనీ, లేస్తే ఎటైనా వెళ్లాలనీ ఉండేది. అలాంటి నన్ను మా సీనియరుగారు ఒక ఉదయం పిలిచి, రేపల్లె వెళ్లి సూదమ్మగారి చేత వీలునామా మీద సంతకం పెట్టించుకు రమ్మన్నారు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి బాపట్లలో నాకు పెళ్లిచూపులు. (ఈ సంగతి సీనియరుగారికి చెప్పలేదు. చెబితే పని ఇంకొకరికి ఇస్తారేమోనని భయం.)

సూదమ్మ అంటే రేపల్లెలో తెలియనివాళ్లు లేరు. నర్సుగా చేసి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఎనభై దాటినా గొంతు మాత్రం వార్డంతా వినిపించే గొంతే. పన్నెండేళ్లుగా తనను కనిపెట్టుకుని ఉన్న చిన్నమ్మి అనే ఆవిడకు ఇల్లు రాసివ్వాలని ఆమె కోరిక. కన్నెత్తి చూడని అన్నకొడుకులు మాత్రం ఆ ఇల్లు తమదేనని అప్పటికే వీధిలో చెప్పుకుంటున్నారు. కాగితం నిలబడకపోతే చిన్నమ్మి రోడ్డున పడుతుంది.

"రాసిన మనిషి కోర్టుకొచ్చి చెప్పలేదురా, అప్పటికి ఉండదు కాబట్టి. ఆవిడ తరఫున మాట్లాడేది సాక్షులే," అన్నారు సీనియరుగారు. "ఆవిడ సంతకం పెడుతుంటే ఇద్దరూ కళ్లారా చూడాలి. ఆ తరవాత ఆవిడ చూస్తుండగా వీళ్లు పెట్టాలి. ఆస్తిలో వాటా లేనివాళ్లు, ఆవిడకంటే బాగా చిన్నవాళ్లు అయితే మేలు. చిన్నమ్మిని ఆ గదిలో ఉండనివ్వకు. వింటున్నావా?" వింటున్నానండి అన్నాను. నిజానికి రేపల్లె నుంచి బాపట్లకు బస్సులు ఎన్నింటికో లెక్కేసుకుంటున్నాను.

రేపల్లెలో అన్నీ ఆలస్యమే. డాక్టరుగారు వచ్చి ఆవిడ మనసు స్థిమితంగా ఉందని రాసిచ్చేసరికి ఒంటిగంట దాటింది. చిన్నమ్మిని బజారుకు పంపాం. సాక్షులుగా ఎదురింటి కాంపౌండరుగారినీ, పక్కింటి రిటైర్డు మాస్టారినీ పిలిచాను. (మాస్టారికి డెబ్బై ఆరు. చిన్నవాళ్లు అంటే నేను అంతవరకే పట్టించుకున్నాను.) సూదమ్మగారు కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి పేజీ బయటకు చదవడం మొదలుపెట్టారు. నేను ఒక కాలి మీద నిలబడి, తరవాత ఇంకో కాలి మీద నిలబడ్డాను. ఇంతలో మాస్టారి ఇంటి ముందు గ్యాస్ బండి ఆగింది.

"బాబూ, సిలిండర్ వచ్చిందండి. ఇవాళ తీసుకోకపోతే మళ్లీ నాలుగు రోజులు తిరగాలి," అన్నారాయన.

"ఫర్వాలేదు మాస్టారూ, మీరు ముందు పెట్టేసి వెళ్లండి," అన్నాను. ఆయన పెట్టేసి వెళ్లిపోయారు. పావుగంట తరవాత సూదమ్మగారు తీరిగ్గా సంతకం చేశారు. కాగితాలు సంచిలో కుక్కుకుని బస్టాండుకు పరిగెత్తాను.

బస్సు కర్లపాలెం దాటుతుండగా అప్పుడు తట్టింది. మాస్టారు ఆవిడ సంతకం చూడలేదు! రేపు కోర్టులో ఆయన్ని "మీరు చూశారా?" అని అడిగితే, ఆయన జన్మలో అబద్ధం చెప్పని మనిషి. "లేదండి, సిలిండర్ దింపుకుంటున్నానండి," అంటారు. ఆ పొద్దున సూదమ్మగారు రెండుసార్లు దగ్గారు కూడా. ఆ రెండు దగ్గులూ నా చెవుల్లో రెండు వందలయ్యాయి.

పెళ్లిచూపుల్లో నేను కుర్చీ అంచున కూర్చున్నాను. అమ్మాయి కాఫీ ఇచ్చి, నావంక చూసి, "ఏంటండీ, ఒంట్లో బాలేదా?" అంది. అంతే, మా అమ్మ మోచేత్తో పొడుస్తున్నా ఆగకుండా మొత్తం కథ చెప్పేశాను.

"మరి ఇక్కడ కూర్చున్నారేంటండీ? వెళ్లి సరిచేయండి," అందా అమ్మాయి.

లేచాను. పకోడీలు కూడా ముట్టలేదు. వాళ్ల నాన్నగారు తరవాత మా మేనమామకు కబురు పంపారట, "అబ్బాయి మంచివాడే, కుదురే లేదు," అని.

బస్టాండు నుంచి సీనియరుగారికి ఫోన్ చేశాను. "పాత కాగితం చింపకు. దాన్ని రద్దు చేస్తున్నానని రాయించి కొత్తది పెట్టించు," అని మాత్రం అన్నారు. మర్నాడు పొద్దున్నే రేపల్లెలో తలుపు తట్టాను. సూదమ్మగారే తీశారు, చేతిలో ఇడ్లీ ప్లేటుతో. జరిగిన పొరపాటు చెప్పాను.

"పురుడు పోసేటప్పుడు తొందరపడితే ఏమవుతుందో తెలుసా అబ్బాయ్? ఇదీ అంతే. నువ్వు కూర్చో, సాక్షుల్ని నేను పిలుస్తా," అన్నారు. తన చేతుల మీద పుట్టిన ఇద్దర్ని పిలిపించారు, ఒకరు పోస్టుమాస్టరు, ఒకరు స్కూలు టీచరమ్మ.

నాలుగేళ్లకు సూదమ్మగారు పోయారు. అన్నకొడుకులు దావా వేయనే వేశారు. కోర్టులో వాళ్ల లాయరుగారు పోస్టుమాస్టరును, "ఎప్పటి సంగతో ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందయ్యా?" అని అడిగారు.

"ఎలా మర్చిపోతానండి? ముందురోజు ఈ లాయరుగారు తొందరపడి పాడుచేశారంటండి," అని నన్ను చూపించాడు. "అందుకని సూదమ్మగారు మా ఫోన్లు లాక్కుని, 'నా చేతివంకే చూడండర్రా' అన్నారండి. నేను మధ్యలో ఆవులించానండి. పెన్ను ఆపేసి, నోరు మూశాక మళ్లీ రాశారండి."

కోర్టు హాలంతా నవ్వింది. నేను ఫైలులో తల దూర్చాను. "అయితే ఇంకో వీలునామా కూడా ఉందన్నమాట!" అని అవతలి లాయరుగారు ఎగిరి పట్టుకున్నారు. మా సీనియరుగారు నెమ్మదిగా లేచి ఆ చెల్లని కాగితాన్ని జడ్జిగారికి అందించారు. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చదివారు. అదే ఇల్లు, అదే చిన్నమ్మి, అవే మాటలు.

"రెండు రోజులూ ఆవిడ ఒకే మాట మీద ఉన్నారు కదండీ," అన్నారు జడ్జిగారు. తీర్పు చిన్నమ్మికే వచ్చింది. ఆ సాయంత్రం ఆవిడ ఆఫీసుకొచ్చి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు నిలబడింది. నేను చేసింది తప్పమ్మా అని చెబుదామనుకుని, కుర్చీ జరిపి కూర్చోమన్నాను.

ఇప్పుడు నా దగ్గరికి వీలునామాకు వచ్చేవాళ్లు, "ఇంత చాదస్తమేంటండీ సార్?" అని విసుక్కుంటుంటారు. నవ్వి ఊరుకుంటాను. బస్సు కిటికీ చువ్వలు పట్టుకుని, నిలవలేక చెమటలు కక్కిన ఆ కుర్రలాయరును తలుచుకుంటే ఇప్పుడు కోపం రాదు. పెళ్లిచూపుల్లోంచి లేచి వెనక్కి వెళ్లాడు కదా వాడు, ఆ తొందర ఒక్కటైనా మంచిదేననిపిస్తుంది.