వెనక గోడ దగ్గర హెడ్మాస్టరు

నా ఉద్యోగం ఖాయమవుతుందా, ఊడుతుందా అనేది మా హెడ్మాస్టరు రాసే రెండు మాటల మీద ఉందని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. అరవైల మొదట్లో, కంబదూరు దగ్గర ఒక ఊరి బడి. ట్రైనింగు ముగించి వచ్చిన కొత్త టీచరును, ఆ బడి మొత్తానికి ఒకే ఒక్క ఆడ టీచరును. మా అమ్మా నాయనా చేలల్లో కూలి చేసేవాళ్ళు. మా ఇంట్లో సుద్దముక్క పట్టిన మొదటి చెయ్యి నాది. అది మళ్ళీ కలుపు తీసే చెయ్యి కాకూడదని నా పంతం.

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. గట్టిగా, గబగబా జవాబు చెప్పే పిల్లల్ని తెచ్చి ముందు కూర్చోబెట్టేవాళ్ళు. దాన్ని ‘ఇన్‌స్పెక్టరు వరుస’ అనేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తే వచ్చేవాడు, వరుస మాత్రం ఏడాది పొడుగునా అట్లాగే ఉండేది. అందులో చాలామటుకు షావుకార్ల పిల్లలూ, కాస్త భూమున్న రైతుల పిల్లలూ. నేనూ మారుమాట లేకుండా ఆ ఆచారమే పట్టుకున్నాను.

ఒకరోజు హెడ్మాస్టరు చెప్పాపెట్టకుండా నా ఐదో తరగతిలోకి వచ్చి, వెనక గోడకు ఆనుకుని పిల్లల పక్కనే కింద కూర్చున్నారు. నేను భిన్నాలు చెబుతున్నాను. గొంతు పెంచాను. ప్రశ్న అడగడం ఆలస్యం, ముందు వరుస నుంచి జవాబులు టపాకాయల్లా పేలాయి. నాకు హుషారెక్కింది. ఆయన మాత్రం జేబులోంచి శెనక్కాయలు తీసి, ఒక్కొక్కటే ఒళ్ళోని పలక మీద పెట్టుకుంటున్నారు. నేను చెమటలు కక్కుతూ పాఠం చెబుతుంటే ఈయనకు తిండి యావ! ఒళ్ళు మండిపోయింది.

గంట కొట్టాక దగ్గరికి పిలిచారు. ఒక్క కాయ కూడా ఒలవలేదు. పలక మీద మా తరగతి వరుసల్లాగే సుద్దగీతలు గీసి ఉన్నాయి.

“ఏమ్మా, నువ్వు ఎవుర్ని ప్రశ్న అడిగితే వాళ్ళ చోట్లో ఒగ కాయ పెట్టినా. చూడు.”

ముందు వరుసలో కాయలు కుప్పగా పడి ఉన్నాయి. వెనక మూడు వరుసల్లో ఉత్త సుద్దగీతలే.

“మన చేన్ల మాదిరే ఉండాది కదమ్మా. ఈ గట్టుకు వాన, ఆ గట్టుకు చినుకు ల్యా.”

“వాళ్ళకేం రాదు సార్. సగం దినాలు బడికే రారు. అడిగి ఏం లాభం?” అన్నాను రోషంగా.

“రాదని ఎవురు చెప్పినారు? నువ్వు అడిగి చూసినావా?”

వెనక కూర్చునేది కూలివాళ్ళ పిల్లలు. నేను చదువుకున్నదీ అట్లా వెనక కూర్చునే. ఏళ్ళ తరబడి ఒక్క అయ్యవారూ నన్ను అడగలేదు. ఆ కసితోనే టీచరునయ్యాను. అయ్యి నేను చేసిందీ అదే పని. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే వరుసలన్నీ కలిపేశాను. ఆయన మళ్ళీ వచ్చి గోడ దగ్గర కూర్చున్నారు. “ఇంట్లో సంగటి ముద్ద ఒకటే, మీరు నలుగురు. ఒక్కొక్కరికి ఎంత?” అని వెనక నుంచి ఒక కూలివాళ్ళ పిల్లను లేపాను. అన్నాళ్ళూ దాని గొంతు నేను వినలేదు.

“మాయమ్మ తినదు టీచరమ్మా, మాకే పెట్టేస్తాది. ముగ్గురమే. మూడింట్లో ఒగ పాలు,” అంది.

మూడింట ఒక వంతు! నేనింకా చెప్పని లెక్క! వాళ్ళమ్మ పస్తు గుచ్చుకుంది, ఆ వెంటనే ఆనందం ఉక్కిరిబిక్కిరి చేసింది. హెడ్మాస్టరు కూర్చున్నచోటే చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చాక, “ఇంగ నీ వంతు. రేపు నా ఏడో తరగతికొచ్చి కూచో. నేనేం తప్పు చేస్తాండానో చూసి చెప్పు,” అన్నారు. నా గురించి ఆయన ఇంకా ఏమీ రాయలేదు.

వెళ్ళాను. చరిత్ర పాఠం, ఎంత బాగా చెప్పారో! నేను పలక మీద కాయలు పెడుతూ పోయాను. గంట కొట్టాక పలక చూసుకున్నాను. మగపిల్లల్లో ముందూ వెనకా అనే తేడా లేదు. ఎడమ పక్క కూర్చున్న ఐదుగురు ఆడపిల్లల్లో మాత్రం ఒక్కరినీ అడగలేదు. కలం ఆయన చేతిలో ఉంది. ‘చాలా బాగుంది సార్’ అంటే నా పని అయిపోతుంది.

“ఏమ్మా, ఎట్లుండాది?”

“పాఠం బాగుండాది సార్. ఆడపిల్లోల్లను మాత్రం ఒగరిని గూడా అడగల్యా మీరు,” అనేశాను.

ఆయన మొహం మాడిపోయింది.

“ఇన్నేండ్లు పాఠాలు చెప్పినా. నాకు ఒగరూ చెప్పల్యా,” అన్నారు మెల్లగా. అప్పటికప్పుడే టీచర్ల పనితీరు రాసే లాగుబుక్కు తెరిచి రాసి, నా వైపు తిప్పారు. ‘లోపము చూడగలదు. ఎదుట చెప్పగలదు. ఈమె ఈ బడికి కావలెను.’

సిరా ఆరకముందే లేచి మళ్ళీ ఏడో తరగతిలోకి నడిచారు. నేను వాకిట్లో నిలబడి విన్నాను. “ఏమ్మా, నువ్వు చెప్పు,” అంటున్నారు. ఎడమ పక్క నుంచి ఒక సన్నని గొంతు లేచింది. జవాబు తప్పు. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది.