మూడు గీతలు తక్కువ

పోయిన వారం మా పక్కింటి అమ్మాయి డిగ్రీ కెమిస్ట్రీ పుస్తకం పట్టుకొని వచ్చింది. ఆదర్శ ద్రావణాలు, నిజ ద్రావణాలు అనే పాఠంలో ఒక మైనస్ గుర్తు దగ్గర ఆగిపోయిందట. రెండు ద్రవాలు కలిపితే మొత్తం తగ్గడమేమిటి, ఆ తగ్గింది ఎక్కడికి పోతుంది అని అడిగింది. రిటైరైన లెక్చరర్ని, ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడగకపోతారా అని కాచుకొని కూర్చునేదాన్ని. అయినా ఆ పూట సమీకరణం నోటికి రాలేదు. ఆదోని కాలేజీలో మా ల్యాబు అటెండరు గుర్తొచ్చాడు.

నేను చేరిన కొత్త. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. దిగేసరికి చీర నలిగేది గాని, యూనివర్సిటీలో ర్యాంకు తెచ్చుకున్నానన్న గర్వం మాత్రం నలిగేది కాదు. అటెండరు కోసిగి వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన అన్నదమ్ములు ఏటా పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి, అంటే కూలికి వలస పోయేవాళ్ళు. ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటివాడు ఈయనే. అదీ టెంపరరీ. పర్మనెంటు చేయమని ఆయన ఫైలు ఆ నెలలోనే పైకి పోవాలి. ఒక్క చెడ్డమాట పడితే అంతే సంగతులు. అందుకే కాబోలు, ఆ రోజుల్లో పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కాతో వచ్చేవాడు.

జువాలజీ వాళ్ళు జాడీల్లో కప్పల్ని, పాముల్ని నిలవ ఉంచడానికి పలచటి స్పిరిట్ అడిగారు. స్పిరిట్ పర్మిట్ మీద వచ్చేది కాబట్టి ప్రతి చుక్కకూ లెక్క చెప్పాలి. అయిదు లీటర్ల స్పిరిట్‌లో అయిదు లీటర్ల నీళ్ళు కలపమని పొద్దున ఆయనకు చెప్పాను. మధ్యాహ్నం కొలిస్తే పది లీటర్లు లేవు. మళ్ళీ కొలిచాను. మూడు వందల మిల్లీలీటర్ల దాకా తక్కువ. ఆ రోజు ఆయన కళ్ళు కాస్త ఎర్రగా కూడా కనిపించాయి. ఇంకేం కావాలి? అంతకు ముందురోజే నేను బోర్డు మీద ఒక తిన్నటి గీత, దాని కింద వంగిన గీత గీసి, స్పిరిట్, నీళ్ళు కలిస్తే మొత్తం తగ్గి ఆదర్శానికి ఎంత దూరం జరుగుతాయో గంటసేపు ఊదరగొట్టాను. అది పాఠం, ఇది స్టోరు గది అనుకున్నానేమో, రెంటికీ ముడి పెట్టాలన్న ఆలోచనే రాలేదు. స్పిరిట్ తగ్గిందని, అటెండరే బాధ్యుడని ప్రిన్సిపాల్‌గారికి ఇంగ్లీషులో చీటీ రాశాను. వరండాలో వేరే మనిషి లేడు. ఆ చీటీ మడిచి ఆయన చేతికే ఇచ్చి పంపాను. ఆయనకు ఇంగ్లీషు రాదని నా ధైర్యం.

ఇచ్చి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. కొలజాడీ తుడిచి నా ముందు పెట్టాడు.

“మేడమ్మా, యాబై అది, యాబై ఇది. ఈసారి మీరే పోయండి. నేను దూరంగా నిలబడతా.”

పోశాను. జాడీ పట్టుకొని చూడమన్నాడు. వెచ్చగా ఉంది. చల్లారేదాకా ఆగమన్నాడు. ఆగి చూస్తే నూరుకు మూడు గీతలు కిందే ఉంది. ఇంకో యాభై యాభై విడిగా కొలిచి అన్నీ తూకం వేయమన్నాడు. రెంటి బరువూ విడివిడిగా ఎంతో, కలిసిన బరువూ అంతే. నేను రావడానికి చాలా ముందునుంచే ఆయన ప్రతిసారీ ఇలా కొలుచుకునేవాడట. ఎందుకు తగ్గుతుందో తెలియదు గాని, ఎంత తగ్గుతుందో తెలుసునన్నాడు. నాకు ఎందుకో తెలుసు, ఎంతో ఎన్నడూ కొలవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

జాడీ, త్రాసు పట్టుకొని ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన చరిత్ర మాస్టారు. నా చీటీ ఇంకా బల్ల మీదే ఉంది. అన్నీ చూసి, పోయింది ఎక్కడికి పోయిందమ్మా అన్నారు. ఎక్కడికీ పోలేదండీ, ఆదోని బస్సులో ముగ్గురి సీట్లో నలుగురు సర్దుకున్నట్టు దగ్గరికి జరిగాయి, తప్పు నాదే అన్నాను. ఆయన నవ్వి చీటీ నాకే ఇచ్చేశారు. ఫైలు పైకి పోయింది, ఉద్యోగం పర్మనెంటయింది. తరువాత అన్నా, నేనూ ఇరవై ఏళ్ళు కలిసి పనిచేశాం. చెయ్యి తొందరపడితే కొలత అబద్ధం చెబుతుందని నాకు నేర్పింది ఆయనే. నా పాఠం బాగుందని పిల్లలు ఎప్పుడన్నా అన్నారంటే అందులో సగం ఆయనదే.

ఆ చీటీ సంగతి మాత్రం ఆయనతో ఎన్నడూ ఎత్తలేదు. పక్కింటి అమ్మాయి వచ్చి వెళ్ళాక మనసు నిలవక మొన్న ఆదివారం కోసిగి పోయాను. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు. చెప్పేశాను.

“తెలుసమ్మా. దోవలో సదివినా. నేను పది దాకా సదువుకున్నోణ్ణి.”

మరి ఎందుకిచ్చావన్నా అన్నాను.

“పారేసింటే నిజంగానే దొంగనైపోదును గదమ్మా.”

మా ల్యాబు నుంచి ప్రిన్సిపాల్ గది దాకా వరండా నలభై అడుగులుంటుందేమో. ఆ చీటీ పట్టుకొని ఆయన నడిచిన నలభై అడుగులు ఎంత పొడుగో తెలుసుకోవడానికి నాకు ఈ వయసు దాకా పట్టింది.