తెల్లనెత్తురు చేపకు దిష్టి

కొత్త రాష్ట్రం ఏర్పడ్డ మరుసటి ఏడు, ఎండాకాలం. దక్షిణ ధ్రువం చేపల మీద పనిచేసే నేను, సెలవు పెట్టి కొమరోలు దగ్గర మా ఊరికి వచ్చాను. పనల్లా ఒక్కటే. రెండోసారి ఓడెక్కి ఆ మంచులోకి పోవడానికి నాయన చేత ఊఁ అనిపించుకోవాలి. చదువుంది, ఉద్యోగముంది, అయినా ఆయన కాదంటే నేను ఎక్కలేను. అంతే.

అన్నం తింటూ అడిగాడు. "ఇంతకీ ఆడ ఏం జేస్తావమ్మా?"

"అక్కడి చేపలు తగ్గిపోతున్నాయి నాయనా. ఎన్ని మిగిలాయో లెక్కపెడతాం. అది తెలిస్తేనే వేట ఆపించగలం."

నాయన ముద్ద కంచంలో పెట్టేశాడు. "లెక్కబెడితే తగ్గక పెరుగుతాయా?"

ఆయన గొర్రెల కాపరి. మా వైపు కాపరులు మందను పైకి లెక్కపెట్టరు, దిష్టి తగులుతుందని. పొద్దుగూకేవేళ దొడ్డి దగ్గర నిలబడి చూస్తారు. ఏది రాలేదో మొహాలను బట్టి చెబుతారు. ఇక చూసుకోండి, చేపల్ని చంపుతున్నది మేమేనని ఆయనకు ఆ ఒక్క ముద్దతో తేలిపోయింది. నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

సాయంత్రానికి మేనత్త వచ్చింది, పొదిలిలో ఎరువుల దుకాణం నడిపే పెదనాయన వచ్చాడు. వీళ్లకు కాస్త శాస్త్రం చెబుదామనుకున్నాను, నా ఖర్మ. ఫోన్లో ఒక చేప బొమ్మ చూపించి, దీని నెత్తురు ఎర్రగా ఉండదు, నీళ్లలా తెల్లగా ఉంటుందని చెప్పాను.

"అయ్యో నా తల్లీ!" మేనత్త గుండెలు బాదుకుంది. "నెత్తురే ఇరిగిపోయిందంటే ఎంత దిష్టి తగిలిందో!"

"మన బోర్లూ అంతే గదా," అన్నాడు పెదనాయన. "ఆఫీసరొచ్చి లెక్క రాసుకపోయినాడు, ఎండిపోయినాయి."

ఆ చేప పుట్టుకే అంతని మొత్తుకున్నాను. వింటేగా! చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే. మేనత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి ఫోను చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. నేను దగ్గలేక చస్తుంటే, ఘాటే రాలేదు, దిష్టి అంత పెద్దదని అందరూ కళ్లు తుడుచుకుంటూ ఒప్పుకున్నారు.

నాయన మాత్రం దొడ్డి వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. "చేపలకు దిష్టి కూడా తీశారు గదా. ఇప్పుడైనా పంపుతావా, లేదా?"

ఆయన నా వైపు చూడకుండా అడిగాడు. "మీరు ఓడ దిగి మంచు మీదికి పోతారంట గదా. మిమ్మల్ని ఎవరన్నా లెక్కబెడతారా?"

లెక్కపెడతారంటే ఇక పంపడనుకున్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ లెక్కపెడతారు నాయనా."

"ఒకరు తక్కువైతే?"

"ఓడ కదలదు."

 ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"గట్టిగ లెక్కబెట్టమను," అన్నాడు. "నిన్ను రెండుసార్లు లెక్కబెట్టమను. పోయిరా."